ఎనిమిది గంటల డ్యూటీకి ఎనిమిది గంటల సినిమా

ఎనిమిది గంటల సినిమా ఒకటుంది. అందులో హీరో లేడు, విలన్ లేడు, ఇంటర్వెల్ ట్విస్ట్ అసలే లేదు. పొద్దున కార్మికులు ఫ్యాక్టరీకి వస్తారు. పనిలోకి దిగుతారు. మధ్యలో తింటారు, కాసేపు ముచ్చట పెట్టుకుంటారు, మళ్లీ మిషన్ల దగ్గరికి పోతారు. షిఫ్ట్ అయిపోతుంది, సినిమా కూడా అయిపోతుంది. దాని పేరు ‘పార్క్ లేన్స్’. 2015లో వచ్చింది. నిడివి 480 నిమిషాలు.

ఆ ఫ్యాక్టరీ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉంది. బౌలింగ్ ఆటకు కావాల్సిన సామాను తయారు చేస్తారు అక్కడ. తీసినాయన పేరు కెవిన్ జెరోమ్ ఎవర్సన్. నల్లజాతి కార్మికుల రోజువారీ బతుకును పాతికేళ్లకు పైగా కెమెరాకెక్కిస్తున్న ప్రయోగాత్మక దర్శకుడు.

‘ఎనిమిది గంటలు ఎవరు చూస్తరు భయ్?’ అని మీరు అడగొచ్చు. ముప్ఫై సెకన్ల రీల్‌నే సగంలో పైకి తోసేసే రోజులివి, అడగడం న్యాయమే. కానీ ఆ లెక్క వినగానే నాకు యాదికొచ్చింది భూపాలపల్లిలో ఉండే మా బావ. సింగరేణిలో ఆయన డ్యూటీ కూడా ఎనిమిది గంటలే. ఆ ఎనిమిది గంటల్లో ఆయన ఏం చేస్తాడో మా ఇంట్లో ఒక్కరం కూడా చూడలేదు.

ఎవరీ ఎవర్సన్?

ఎవర్సన్ 1965లో ఒహాయో రాష్ట్రంలోని మాన్స్‌ఫీల్డ్‌లో పుట్టాడు. అది ఫ్యాక్టరీల ఊరు. అక్కడి జనరల్ మోటార్స్ ప్లాంటు 2010లో మూతపడింది. ఆయన ముందు శిల్పం, ఫొటోగ్రఫీ నేర్చుకుని తర్వాత సినిమాల్లోకి వచ్చాడు. వర్జీనియా యూనివర్సిటీలో ఆర్ట్ ప్రొఫెసర్. పొట్టివీ పొడుగువీ కలిపి వందకు పైగా సినిమాలు తీశాడు. 2011లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ఆయన సినిమాలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.

హాలీవుడ్‌లో నల్లవాళ్లకు మామూలుగా దొరికే పాత్రలు మనకు తెలిసినవే. గ్యాంగ్‌స్టర్, ఆటగాడు, పాటగాడు, లేకపోతే పోలీసు తూటాకు బలైన మనిషి. ఎవర్సన్ సినిమాల్లో మాత్రం వాళ్లు డ్యూటీలో ఉంటారు. బట్టలు ఇస్త్రీ చేస్తుంటారు, మిషన్ నడుపుతుంటారు, బల్ల ముందు కూర్చుని కాగితాలు చూస్తుంటారు. చాలా సినిమాల్లో వెనక నుంచి వివరించే గొంతు ఉండదు. ‘వీళ్ల కష్టం చూడండి’ అంటూ గుండెలు పిండే వయొలిన్ కూడా ఉండదు.

‘టాన్స్‌లర్ పార్క్’ అనే సినిమానే తీసుకోండి. 2016 నవంబర్ 8న, అంటే ట్రంప్ మొదటిసారి గెలిచిన ఎన్నికల రోజున, షార్లట్స్‌విల్ పట్నంలోని పోలింగ్ కేంద్రంలో తీశాడు. బ్లాక్ అండ్ వైట్, 80 నిమిషాలు. పేర్లు సరిచూసే, ఓటర్లకు దారి చూపే సిబ్బందే అందులో ముఖ్యులు. ఎక్కువగా నల్లజాతి మహిళలు. ఒకప్పుడు ఓటు వేయనీయకుండా అడ్డుకున్న దేశంలో, అదే జాతి ఆడవాళ్లు ఓట్ల పనిని ఓపికగా నడిపిస్తుంటారు. ఈ మాట సినిమాలో ఎవరూ నోటితో చెప్పరు. చూస్తూ కూర్చుంటే మనకే తడుతుంది.

భూపాలపల్లి: అక్క చూడని బాయి

మా దగ్గర బొగ్గు గనిని గని అనరు, ‘బాయి’ అంటారు. ‘బావ బాయికి పోయిండు’ అంటే డ్యూటీకి పోయాడని. ల్యాంప్ రూమ్‌లో దీపం తీసుకుని, మస్టర్ వేయించుకుని లోపలికి దిగుతారు. ఫోన్ బయటే ఉండిపోతుంది. భూగర్భ బొగ్గు గనిలో పేలే గ్యాసు ఉండే ప్రమాదం ఉంది కాబట్టి అగ్గిపెట్టె, బీడీల లాగే మామూలు ఫోన్ కూడా లోపలికి తీసుకుపోనివ్వరు. అందుకే ఎంత స్మార్ట్‌ఫోన్ కాలమైనా బాయి లోపల నుంచి సెల్ఫీ రాదు, స్టేటస్ రాదు.

మా అక్క పెళ్లయినప్పటి నుంచి ఆయన డ్యూటీ బట్టలు ఉతుకుతోంది. ఏ రోజు నీళ్లలో పని చేశాడో, ఏ రోజు దుమ్ములో పని చేశాడో బట్టలు చూసి చెప్పేస్తుంది. ఆయన పని గురించి ఆమెకు దొరికిన సాక్ష్యం అదొక్కటే.

ఒకసారి అన్నం తింటూ అడిగాను, ‘బావా, అసలు లోపల పైకప్పు కూలుతదని ఎట్ల తెలుస్తది?’ అని. ఆయన లేచి గోడ మీద వేలి కణుపుతో కొట్టాడు. తర్వాత చెక్క బీరువా మీద కొట్టాడు. ‘ఇను. గోడ గట్టిగ పలుకుతది. బీరువా డొల్లగ పలుకుతది. పైన బండను రాడ్డుతోని కొడ్తె బీరువా లెక్క పలికిందనుకో, ఆడ నిలబడొద్దు. ముందు సపోర్ట్ పెట్టాలె.’ అంతే, మళ్లీ కూర్చుని పెరుగన్నం కలుపుకున్నాడు.

ఒక్క చప్పుడు విని బతకాలా పరుగెత్తాలా తేల్చుకునే విద్య అది. ఏ కాలేజీలో నేర్చుకున్నాడు? ఏ సినిమాలో చూపించారు?

సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందులో మొదలైంది. కంపెనీలో ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. ఇన్నేళ్లలో పని తీరు పూర్తిగా మారింది. తట్టలతో బొగ్గు మోసిన తరం వెళ్లిపోయింది. ఇప్పుడు ఎక్కువ బొగ్గు ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. చెవితో బండను చదివే మనుషులు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. వాళ్లతో పాటే ఆ విద్య కూడా ఇంటికి పోతుంది. నన్ను కలవరపెడుతున్నది అదే.

‘దసరా’ సినిమా 2023లో వచ్చింది. శ్రీకాంత్ ఓదెల దర్శకుడు, కథ గోదావరిఖని దగ్గరి బొగ్గు పల్లెలో. మా అక్క కొడుకు దాన్ని పండగలాగ చూశాడు. మసి ముఖాలు, బొగ్గు రైలు, మన యాస. సంతోషమే. కానీ ఆ కథ స్నేహం మీద, పగ మీద నడుస్తుంది. బొగ్గు దానికి వేదిక. ఒక షిఫ్ట్ ఎట్లా గడుస్తుందో చూపించడం దాని పని కాదు. ఆ పనికి వేరే సినిమా కావాలి.

జనగామ: ఐలమ్మకు ఉతుకు పని కూడా ఉండేది

ఎవర్సన్ తీసిన ఇంకో సినిమా ‘క్వాలిటీ కంట్రోల్’. 2011లో వచ్చింది. అలబామా రాష్ట్రంలో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే ఓ డ్రైక్లీనింగ్ కేంద్రం. చొక్కా మిషన్ మీదికి వస్తుంది, ఆవిరి లేస్తుంది, కాలర్ సాపు అవుతుంది, ఇంకో చొక్కా వస్తుంది. సినిమా అంతా ఇదే. కొంచెం సేపయ్యాక చేతుల వేగం మీద మన కన్ను నిలుస్తుంది. పనిలో కొత్తవాళ్లెవరో, ఆరితేరినవాళ్లెవరో మనమే గుర్తుపట్టడం మొదలుపెడతాం.

బట్టలు ఉతికే పని అనగానే జనగామ వాళ్లకు ఎవరు గుర్తొస్తారు? పాలకుర్తి చాకలి ఐలమ్మ. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఆమె పంట ఎత్తుకుపోవడానికి వస్తే సంఘం అండతో ఎదురు నిలబడింది. 1946 జులై 4న అదే పోరులో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తి, విసునూరు, కడవెండి మూడూ ఇప్పటి జనగామ జిల్లాలోనే ఉన్నాయి. ఐలమ్మ 1985లో కన్నుమూసింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

ఊరూరా ఆమె విగ్రహాలున్నాయి. ఎదురు తిరిగిన ఐలమ్మను మనం చూశాం. కానీ చాకిరేవు దగ్గరి ఐలమ్మ ఎట్లా ఉండేది? ఊరి బట్టలు మూట కట్టి, ఉడకబెట్టి, బండ మీద బాది, ఆరేసి, ఏది ఎవరిదో తప్పకుండా ఇంటింటికీ చేర్చే కులవృత్తి అది. ఆ పనిలోనే ఆ నడుము గట్టిపడింది. వీరురాలి బొమ్మ మిగిలింది, పనిమనిషి బొమ్మ మిగల్లేదు.

ఈ వెలితిని మన దగ్గర అందరికన్నా ముందు పట్టుకున్న దర్శకుడు బి. నర్సింగరావు. 1946లో గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్‌లో పుట్టాడు. చిత్రకారుడు, కవి, ఫొటోగ్రాఫర్. ఎవర్సన్ లాగే బొమ్మల దారిలోంచి సినిమాకు వచ్చినవాడే. తెలంగాణ సాయుధ పోరాటం మీద గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’కి నిర్మాతల్లో ఒకడు. గద్దర్ తెర మీద కనిపించి పాడింది అందులోనే. తర్వాత ‘రంగుల కల’, ‘దాసి’, ‘మట్టి మనుషులు’ తనే తీశాడు. ‘మా ఊరు’ అనే డాక్యుమెంటరీ కూడా.

‘దాసి’ 1988 సినిమా. 1920ల నాటి గడీలో కథ. పెళ్లికూతురితో పాటు అరణంగా వచ్చిన అమ్మాయి కమలాక్షి. ఆ పాత్రలో అర్చన. దొర చేసే దౌర్జన్యం కథలో ఉంది, అది గుండెను మెలిపెడుతుంది. కానీ సినిమా ఎక్కువ సమయం కేటాయించింది ఆమె చాకిరికి. పిలుపు వినపడగానే లేవడం, మోయడం, వంగడం, మళ్లీ పిలుపు కోసం కాచుకోవడం. మాటలు చాలా తక్కువ. ఈ సినిమాకు అయిదు జాతీయ అవార్డులొచ్చాయి. తెలుగులో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటి, ఛాయాగ్రహణం, కళా దర్శకత్వం, దుస్తులు. కళా దర్శకుడు మన తోట వైకుంఠమే.

జనగామ చుట్టుపక్కల గడీల్లో మీ ముత్తవ్వలు ఎవరైనా వెట్టి చేసి ఉంటే, వాళ్ల రోజు ఎట్లా గడిచేదో చూపించే ఫొటో మీ ఇంట్లో ఉండదు. ‘దాసి’ చూడండి. ఆ ఖాళీ కొంచెమైనా నిండుతుంది.

మానుకోట: రైలెక్కిన పని

మాది మహబూబాబాద్ జిల్లా. మేం మానుకోట అనే అంటాం. పొద్దున్నే స్టేషన్‌కు పోతే మా ఊళ్ల కథ సగం అక్కడే తెలుస్తుంది. సంచి, టిఫిన్ డబ్బా, ఒక చంటిపిల్ల. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాజీపేట, జనగామ మీదుగా సికింద్రాబాద్. అక్కడి నుంచి లేబర్ అడ్డా. మేస్త్రీ బేరం ఆడితే ఆ రోజు పని, లేకపోతే లేదు.

నర్సింగరావు ‘మట్టి మనుషులు’ వీళ్ల సినిమానే. 1990లో వచ్చింది. పల్లె వదిలి హైదరాబాద్‌కు వచ్చి, భవనాలు కట్టే పనిలో చేరిన కూలీల బతుకు. ఇందులోనూ అర్చనే. ఇప్పుడు హైదరాబాద్‌లో మనం దిగే ఫొటోల వెనక కనిపించే అద్దాల టవర్లు చూసినప్పుడల్లా నాకు ఆ సినిమా గుర్తొస్తుంది. టవర్ పేరు మనకు తెలుసు. అందులో ఇటుక మోసిన తండా ఏదో తెలియదు.

ఎవర్సన్ వాళ్ల కుటుంబం కథ కూడా ఇట్లాంటి వలస కథే. వాళ్ల మూలాలు దక్షిణాన మిసిసిపీ రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉన్నాయి. 1910 నుంచి 1970 మధ్య దాదాపు 60 లక్షల మంది నల్లజాతి వాళ్లు పత్తి చేలు, జాతి వివక్ష చట్టాలు ఉన్న దక్షిణాది వదిలి ఉత్తరాది ఫ్యాక్టరీ పట్నాలకు రైళ్లలో, బస్సుల్లో వెళ్లిపోయారు. అట్లా వచ్చినవాళ్లతో మాన్స్‌ఫీల్డ్‌లో ఏర్పడ్డ తొలి బస్తీల్లో ఒకదాని మీద ఎవర్సన్ 2009లో ‘కంపెనీ లైన్’ తీశాడు.

కులం, జాతి ఒకటేనని నేననడం లేదు. వాళ్ల బానిసత్వం చరిత్ర వేరు, మన వెట్టి చరిత్ర వేరు. కానీ రెండు చోట్లా ఒక సంగతి మాత్రం కలుస్తుంది. ఎవరి చేతుల మీద పట్నం లేచిందో వాళ్ల చేతులే ఫొటోలోంచి కత్తిరించి ఉంటాయి.

ఊళ్లో మిగిలినవాళ్లకు మిర్చి ఉంది. ఎండలు ముదిరే ముందు నుంచే ఏరడం మొదలవుతుంది. ఎక్కువగా ఆడవాళ్లే. ముఖానికి గుడ్డ, నడుముకు సంచి. సాయంత్రానికి చేతులు మంట. ఆ చేత్తో పొరపాటున కన్ను నలుపుకుంటే ఇక అంతే. కల్లంలో ఎర్రగా ఆరబోసిన మిర్చి మీద డ్రోన్ తిప్పి తీసిన వీడియోలు ఇన్‌స్టాలో బోలెడు. చాలా అందంగా ఉంటాయి. అంత ఎత్తు నుంచి మంట కనపడదు కదా.

బోర్ కొట్టదా మరి?

కొడుతుంది. దాచేదేముంది. మొదటి కొన్ని నిమిషాలు చేయి ఫోన్ వైపు పోతుంది. కానీ ఒక ప్రశ్న. అదే పని రోజూ ఎనిమిది గంటలు చేసేవాళ్లకు బోర్ కొట్టదా? చూడటానికే మనకు ఇంత కష్టంగా ఉంటే చేయడానికి ఎంత ఓపిక కావాలి? ఆ బోర్‌ను కొంచెం మనకు కూడా పంచుతాడు ఎవర్సన్.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది, అది బరువైనదే. కార్మికుల కష్టాన్ని తీసుకుపోయి మ్యూజియాల్లో, ఫెస్టివళ్లలో చూపిస్తే వాళ్లకేం ఒరిగింది? నిజమే, సినిమా కూలి పెంచదు. ఫ్యాక్టరీ మూతపడకుండా ఆపదు. అయితే పనివాణ్ని చూసే చూపును మారుస్తుంది. జాలిపడితే మనం పైనుంచి కిందికి చూస్తాం. ఆ చేతి నేర్పును గమనిస్తే పక్కన నిలబడి చూస్తాం.

తెలుగులో ఈ చూపు దొరికే మంచి సినిమా ‘మల్లేశం’, 2019. జనగామకు పక్కనే ఆలేరు ప్రాంతం కథ. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేయి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టాడు, దానికి అమ్మ పేరే పెట్టాడు. ప్రియదర్శి చేసిన ఆ సినిమాలో అసలు మలుపు ఎక్కడుందంటే, ఆ భుజంలోనే.

ఎనిమిది గంటలు ఒక్కసారే వద్దనుకుంటే చార్లెస్ బర్నెట్ తీసిన ‘కిల్లర్ ఆఫ్ షీప్’తో మొదలుపెట్టండి. ఎవర్సన్ కన్నా ముందు తరం నల్లజాతి దర్శకుడు ఆయన. లాస్ ఏంజెలిస్ వాట్స్ బస్తీలో గొర్రెల కబేళాలో పనిచేసే స్టాన్ కథ. వారాంతాల్లో, చాలా తక్కువ డబ్బుతో తీసి 1977లో యూనివర్సిటీలో చదువు పూర్తికి సమర్పించాడు. అందులో వాడిన పాటల హక్కులు తేలక ముప్ఫై ఏళ్లు ఆగి 2007లో థియేటర్లకొచ్చింది. ఇప్పుడు అమెరికన్ క్లాసిక్ అంటారు.

మీ రీల్ ఎంత?

రీల్ అనే మాట అసలు ఫిల్మ్ కెమెరాది. 16 ఎంఎం కెమెరాలో 400 అడుగుల రీలు వేస్తే దాదాపు 11 నిమిషాలొస్తుంది. ఎవర్సన్ 2010లో తీసిన ‘ఈరీ’లో ఒక్కో షాట్ అట్లా కట్ లేకుండా పొడుగ్గా సాగుతుంది. మన రీల్ ముప్ఫై సెకన్లకు వచ్చేసింది.

ఆయనకు రీలుకు డబ్బు, కడగడానికి డబ్బు కావాలి. మనకు ఫోన్ చాలు. అందుకే చెబుతున్నా, ఒక్కసారి 11 నిమిషాలు తీసి చూడండి. పెంబర్తిలో ఇత్తడి మీద నగిషీ చెక్కే మామ, కొడకండ్లలో మగ్గం నేసే పెద్దమ్మ, మీ ఇంటి ముందు బోరు రిపేరు చేసే అన్న, ఎవరైనా సరే. ఫోన్ ఒక చోట కదలకుండా పెట్టండి. పాట వేయొద్దు, స్లోమోషన్ వద్దు. పని చప్పుడే సంగీతం. బాయి లోపల తీయలేం, తీయకూడదు కూడా. కానీ మస్టర్‌కు ముందు గేటు దగ్గరి ముచ్చట్లు, అక్క డ్యూటీ బట్టలు నానబెట్టే బకెట్‌లో నీళ్లు నల్లబడటం, ఇవి మన చేతిలోనే ఉన్నాయి.

రెండు షరతులు మాత్రం మర్చిపోవద్దు. తీసే ముందు అడగాలి. తీశాక మొదట వాళ్లకే చూపించాలి. ‘వద్దు బిడ్డా’ అంటే ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. లైకులు మనకు, ముఖం వాళ్లది అయితే అది కూడా ఒక రకం వెట్టే.

ఈ ఏడు మిర్చి ఏరేటప్పుడు మా చిన్నమ్మను అట్లనే తీశాను. అడిగితే ముందు నవ్వింది. ‘పని జేసుడు ఏం సినిమారా? ముఖం సుత గుడ్డ గట్టుకుని ఉన్న, ఎవలు గుర్తువడ్తరు?’ అంది. తర్వాత సరే తియ్యమంది. రాత్రి అన్నాలయ్యాక మంచం మీద కూర్చోబెట్టి ఫోన్ చేతికిచ్చాను. ఎక్కడ వదిలేస్తుందో అనుకుంటే మొత్తం చూసింది, స్క్రీన్ దగ్గరికి వంగి మరీ. ఒక చోట మాత్రం వేలుతో ఆపమంది.

‘అగో, ఆ చెట్టు అడుగున రెండు కాయలు ఇడిసిపెట్టిన సూడు. రేపు పొంగ తెంపాలె.’